ముందు కేక, తర్వాత చప్పుడు

"నా పేషెంట్ నన్ను నమ్మి చెప్పుకున్న మాట అది. మీకు చెప్పనే చెప్ప సార్."

డాక్టర్ వర్ష ఆ మాట అనడం అప్పటికి ఎన్నోసారో. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నాగేందర్ పెన్ను టేబుల్ మీద పడేసి, అప్పుడే గదిలోకి వచ్చిన ధనలక్ష్మి వైపు తిరిగాడు.

"ఇన్నవా అక్కా? పోయిన వారం ఈమె కాశయ్య ఇంటికి పోయింది. ఇంటామెను బయట కూసోబెట్టి ఆయనతోటి మాట్లాడింది. ఏం మాట్లాడినవు తల్లీ అంటే చెప్పది. వారం తిరగలే, మనిషి కాలువల దుంకిండు. నేనేమనుకోవాలె?"

"దుంకిండని నువ్వంటున్నవు. ఆయన చెప్పిండా?" అంది ధనలక్ష్మి కుర్చీ లాక్కుంటూ.

"ఆయన నోరు లేస్తే గద!"

ధనలక్ష్మి నిజామాబాద్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. ఒకప్పుడు నాగేందర్‌తో పాటే ఎస్సైగా పనిచేసి ఉద్యోగం వదిలేసింది. అక్కా అని పిలవడం అతను మానలేదు, ఆమెతో పోటీ పడటం కూడా మానలేదు. పొద్దున వర్ష ఫోన్ చేసి, "మేడం, నన్ను స్టేషన్‌ల కూసోబెట్టిండ్రు" అంటే బయల్దేరి వచ్చింది.

కేసు పైకి చిన్నదే. కాశయ్య కోటగిరి దగ్గర ఊళ్లో రైతు. ఒకప్పుడు చెరకు, ఇప్పుడు వరి. ఏళ్ల తరబడి పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికి, అడుగు పడక మంచం పట్టాడు. పది నెలల కిందట హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి మెదడు లోపలికి సన్నని తీగలు దించారు. కాలర్ ఎముక కింద చర్మంలో అగ్గిపెట్టె అంత బ్యాటరీ డబ్బీ పెట్టారు. దాన్నుంచి వచ్చే కరెంటుతో వణుకు ఆగింది, మనిషి లేచి తిరిగాడు. నిన్న తెల్లవారుజామున కాలువలో పడ్డాడు. పక్క పొలం మనిషి బయటికి లాగాడు. అప్పటి నుంచి నిజామాబాద్ ఆస్పత్రిలో మాటా కదలికా లేకుండా పడి ఉన్నాడు.

వర్షది నందిపేట్ వైపు పసుపు రైతుల కుటుంబం, ధనలక్ష్మికి పాత పరిచయం. డాక్టరేట్ అయ్యాక హైదరాబాద్‌లో పరిశోధన చేస్తోంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల మనసు ఎలా ఉంటోందన్నదే ఆమె పరిశోధన.

"కాశయ్య దిగులుగ ఉండెనా?" అని అడిగింది ధనలక్ష్మి.

"దిగులు కాదు మేడం, ఉల్టా. హుషారు ఎక్కువైంది. వణుకును ఆపే చోటు, మనసును కదిపే చోటు మెదడుల పక్కపక్కనే ఉంటయి. చానా చిన్న జాగ. కరెంటు జెర అటు పారితే కొందరికి కారణం లేకుండ ఏడుపొస్తది. కొందరికి ఆగని సంతోషమొస్తది. ఎవరికి ఎందుకట్ల అయితది, ఎట్ల సర్దాలె అన్నదే నా పని."

"సెట్టింగ్ మార్చినవా?"

"లేదు. మా పెద్ద డాక్టర్ చెప్పకుండ నేను మార్చొద్దు. మిషన్‌ను చదివి చూసిన, అంతే."

"అంతే అంట!" నాగేందర్ గొంతు పెరిగింది. "ఊర్లల్ల అడిగేటోడు లేడని మనుషుల మీద ప్రయోగాలు చేస్తరు, పేపర్లు రాసుకుంటరు, పోతరు. ఈసారి అడిగేటోడున్నడు."

ఆ కోపంలో నాటకం లేదని ధనలక్ష్మికి తెలుసు. అందుకే దానికి జవాబివ్వకుండా వర్షను అడిగింది. "మిషన్‌ను ఆపాలంటే ఎట్ల?"

"రిమోట్ ఉంటది. బయటికి పోతే సంచిల పెట్టి మెడల వేసుకోమని చెప్పినం. డబ్బీకి ఆనిచ్చి ఒత్తాలె. దూరం నుంచి పనిచెయ్యది." వర్ష నాగేందర్ వైపు తిరిగింది. "సార్, ఆయన చెయ్యి వణుకుతుందా?"

"వణుకుడు ఏడిది? కట్టె లెక్క బిగుసుకపోయి ఉన్నడు."

"జ్వరముందా?"

"సలికాలం నీళ్లల్ల పడితే జరం రాదా?"

వర్ష కుర్చీలోంచి లేచింది. "మిషన్ నడుస్తుందా లేదా ఎవరన్నా చూసిండ్రా? ఆపరేషన్ తర్వాత ఆయన మందు గోలీలు సగానికి పైగా తగ్గించినం. మిషన్ ఒక్కసారిగ ఆగితే ఒళ్లంత బిగుస్తది, మింగుడు పోతది, జ్వరం ఎక్కుతనే పోతది. ప్రాణానికే..."

"కూసో. మిషన్ నడుస్తుందని ఆయన ఇంటామెనే డాక్టర్లకు చెప్పింది."

"ఆమె చెప్తే కాదు. నా ట్యాబ్ పెట్టి చూస్తేనే తెలుస్తది!"

"గా ట్యాబ్ సీజ్ చేసిన. బీరువల ఉంది. గదే నాకు సాక్ష్యం. నీ చేతికిస్తే అందుల ఉన్నది తుడిచెయ్యవని ఏంది?"

"నాగేందర్, నువ్వు పక్కన నిలవడి చూడు," అంది ధనలక్ష్మి. "ఒక్కసారి పెట్టి చూడనియ్యి."

"నువ్వు గిప్పుడు పోలీస్ కాదక్కా." అతను లేచి బీరువాకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఆయన దుంకలేదని ఒక్క ముక్క తెచ్చి చూపెట్టు. గప్పుడు ఆలోచిస్త."

*

కాలువ గట్టున నాగేందర్ మనుషులు కట్టిన తాడు ఇంకా ఉంది. ఆ విషయంలో అతన్ని మెచ్చుకోవాలి. ఊరి జనం తొక్కకుండా బురద అలాగే ఎండింది.

కాశయ్యను బయటికి లాగిన భూమన్న తాడు పక్కన నిలబడి చూపించాడు. "గీడ్నే మేడం. నేను గా కింది తూముకాడ నాచు తీస్తున్న. మొగులు మంచు, మనిషి కనవడడు."

ధనలక్ష్మి వంగి చూసింది. ఊరి వైపు నుంచి వచ్చిన మగవాడి అడుగులు బారుగా, నిండుగా పడ్డాయి. జబ్బు మనిషి అడుగులు కావవి. గట్టు అంచు దగ్గర మాత్రం అవే పాదాలు ఊరి వైపు తిరిగి, దగ్గర దగ్గరగా జరిగాయి. ఆ తర్వాత ఒకేచోట లోతుగా దిగబడ్డాయి. వేళ్ల వైపు బరువు ఎక్కువ. దూకేవాడు మడమతో తన్నిన గుర్తు ఎక్కడా లేదు.

వాటికి ఎదురుగా, దాదాపు వేలికి వేలు తగిలేంత దగ్గరలో, ఇంకో జత పాదాలున్నాయి. చిన్నవి. ఊరి వైపు నుంచి ఉరికి వచ్చినవి.

"ఆయన ఒంటి మీద ఏముండె?"

"ధోతి, బనీను."

"మెడల సంచి గిట్ల?"

భూమన్న తల అడ్డంగా ఊపాడు. "ఏం లేకుండె. జబ్బల కింద చెయ్యేసి నేనే గుంజిన గద."

"నీకు ముందుగాల ఏం ఇనవడ్డది?"

"ఆడమనిషి కేక. 'పట్టుకో' అని. నేను లేసి నిలవడే సరికి ధబ్బున నీళ్ల సప్పుడయింది."

ధనలక్ష్మి లేచి అతని ముఖంలోకి చూసింది. "మల్ల చెప్పు. కేక ముందా, చప్పుడు ముందా?"

"కేకనే. ఉరికొచ్చి సూస్తే గంగమణక్క మోకాళ్ల లోతు నీళ్లల్ల ఉన్నది. ఆయన కొట్టుకుంట లేడు, చేతులాడిస్త లేడు. మొద్దు లెక్క తేలుతుండు. దుంకినోడైనా నీళ్లు మింగితే కొట్టుకుంటడు గదా మేడం?"

"ఇదంత సీఐకి చెప్పినవా?"

"చెప్పిన. కేక, సప్పుడు ఇనవడ్డయని రాసుకున్నడు."

రెండూ రాసుకున్నాడు. ఏది ముందో రాసుకోలేదు.

పోలీసులకు కాశయ్య భార్య గంగమణి ఇచ్చిన వాంగ్మూలం ధనలక్ష్మి స్టేషన్‌లోనే చదివింది. నిద్ర లేచి చూస్తే భర్త లేడు, వెతుక్కుంటూ వచ్చేసరికి నీళ్లలో ఉన్నాడు, చూసి అరిచాను. అంటే చప్పుడు ముందు, కేక తర్వాత. భూమన్నకు అబద్ధం చెప్పాల్సిన పని లేదు. కాశయ్య మెడలో రిమోట్ లేదు. మిషన్ ఆగాలంటే ఎవరో దాన్ని పట్టుకుని అతని రొమ్ముకు ఆనించేంత దగ్గరగా నిలబడాలి.

ఆమె కారు వైపు దాదాపు పరుగెత్తింది.

*

గంగమణి ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లు ఒడిలో ఊరికే ఉండలేక చీర అంచును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. డ్యూటీ డాక్టర్ అప్పుడే వచ్చి చెప్పి వెళ్లాడు: జ్వరం పెరుగుతోంది, మెదడుకు గాలి అందక దెబ్బతిని ఉంటుంది, మందులిస్తున్నాం, చూద్దాం.

ధనలక్ష్మి ఆమె పక్కనే కూర్చుంది. నోట్లో సిద్ధంగా ఉన్న ప్రశ్నలు ఆ ముఖం చూశాక బయటికి రాలేదు. కాసేపటికి మెల్లగా అడిగింది.

"తిన్నవా అవ్వా?"

"ఏం తిందు బిడ్డా. ఆయన గొంతుల నీళ్ల సుక్క దిగుతలేదు."

"రిమోట్ ఏడుంది?"

వేళ్లు ఆగాయి. "నీళ్లల్ల కొట్టుకపోయింది."

"ఆయన మెడల సంచి లేదట. భూమన్న చెప్పిండు." ధనలక్ష్మి గొంతు తగ్గించింది. "నీ కేక ముందు ఇనవడ్డదట అవ్వా. నీళ్ల చప్పుడు తర్వాత."

గంగమణి నడుము దగ్గర చీర మడత విప్పి, లోపలి నుంచి ఒక చిన్న రిమోట్ తీసి ధనలక్ష్మి చేతిలో పెట్టింది. దాని అద్దం లోపల నీటి ఆవిరి పట్టింది.

"లేస్తలేదు బిడ్డా ఇది. అంబులెన్సుల ఒత్తిన. గీడ లోపటికి పోనిచ్చినప్పుడల్ల దుప్పటి కింద ఆయన రొమ్ముకు పెట్టి ఒత్తిన. నాతోటి నీళ్లల్ల పడ్డది, సచ్చిపోయింది. నేనే సంపిన ఆయనను."

"నెట్టినవా?"

"నెట్టుడా!" ఆమె తల పైకెత్తింది. "నా చెయ్యి ఇరిగినా నెట్ట."

"మరి ఏమయింది? జల్ది చెప్పు అవ్వా, టైం లేదు."

"ఆయన మాటలు తక్కువ మనిషి. ఎప్పుడైనా ఒక్క మాట అంటే గదే నాకు నాలుగు దినాలకు సరిపోతుండె. వణుకు పోయినంక ఎవరో వేరే మనిషి వచ్చిండు మా ఇంట్లకు. నడిజామున లేసి పాటలు పాడుతడు. తొవ్వల పొయ్యేటోళ్లనల్ల అన్నానికి పిలుస్తడు. పాలిచ్చే బర్రెను ఎవరికో ఊకెనే తోలిచ్చిండు. నేను ఏడిస్తే నవ్వుతడు. చెయ్యి వణుకకుండ అయినందుకు దేవునికి మొక్కిన. గని గా నవ్వేటాయన ఎవరో నాకు ఎరుక లేదు బిడ్డా."

కొంగుతో మూతి తుడుచుకుంది.

"రిమోట్ ఒత్తుడు నాకే నేర్పిండ్రు ఆపరేషనప్పుడు. ఒకనాడు ఆయన పండుకున్నంక ఆపి సూసిన. లేసిండు. చెయ్యి వణుకుతుంది. 'మణీ, జెర నీళ్లియ్యవా' అన్నడు. గా గొంతు నా మొగని గొంతు. పక్కన కూసోని నీళ్లు తాగిచ్చి, మల్ల ఒత్తి మిషన్ చాలు చేసిన. గప్పటి సంది అప్పుడొకసారి అప్పుడొకసారి..."

ధనలక్ష్మి ఆమె చెయ్యి పట్టుకుంది. ఎంతమంది నేరస్తులను ఇలా దగ్గర కూర్చుని మాట్లాడించింది తను! ఈ చెయ్యిని నేరస్తురాలి చెయ్యి అనుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

"నిన్న తెల్లారంగ మడికాడికి పోత అన్నడు. గోలి వేసుకోలే. రిమోట్ పట్టుకోని ఎంబడి ఉరికిన. గట్టు అంచుకు నిలవడి, అవతలి దాక ఈత కొడ్త సూడు అన్నడు. గా సలిల! నాకు పానం ఆగలే. రొమ్ముకు ఆనిచ్చి ఒత్తిన. పా ఇంటికి అని చెయ్యి గుంజిన. కాళ్లు అతుక్కపోయినయి ఆయనకు. నేను గుంజుతున్న, ఆయన పక్కకు ఒరుగుతుండు. పట్టుకో అని ఒర్లిన. ఎవల్ని పట్టుకొమ్మన్ననో. చెయ్యి జారింది."

"డాక్టర్లు అడిగితే మిషన్ నడుస్తుందని ఎందుకన్నవు?"

"పోలీసులు పక్కనే ఉండిరి. భయమయింది. తర్వాత చెప్దామంటే... మాట ఎట్ల తిప్పుకోవాల్నో తెల్వలే." ఆమె ఐసీయూ తలుపు వైపు చూసింది. "నన్ను ఏడికన్న తోలు బిడ్డా. ముందు ఆయనను లేపు."

ధనలక్ష్మి అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది.

"నాగేందర్, మిషన్ ఆగి ఉంది. నిన్న తెల్లారి నుంచి. మెదడుకు దెబ్బ కాదు."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆపినోళ్లే."

"పేరు చెప్పు."

"వర్షను, ట్యాబ్‌ను తీసుకోని రా. వచ్చినంక చెప్త."

"బేరమా అక్కా?"

"కాదు. ఆయన పానం పోతుంది. ట్యాబ్ నీ బీరువల ఉన్నంత సేపు దానికి జవాబుదారి నువ్వే. ఆలోచించుకో."

ఫోన్ కట్ అయింది. అతను వస్తాడో రాడో ఆమెకు తెలియదు. హైదరాబాద్ నుంచి ఇంకో ట్యాబ్ తెప్పించాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. అయినా ఆ ఫోన్ కూడా చేసింది. డ్యూటీ డాక్టర్‌కు విషయం చెప్పింది. అతను ముఖం మారిపోయి లోపలికి పరుగెత్తాడు.

గంట గడిచేసరికి మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ముందు వర్ష, వెనక ట్యాబ్‌ను స్వయంగా పట్టుకుని నాగేందర్.

*

మంచం మీద కాశయ్య దవడలు బిగుసుకుని, పిడికిళ్లు రొమ్ము మీదికి ముడుచుకుని ఉన్నాడు. వర్ష ఫోన్‌లో తన పెద్ద డాక్టర్‌తో మాట్లాడుతూనే డబ్బీ మీద పరికరం ఆనించింది. ట్యాబ్ తెర వెలిగింది.

నాగేందర్ ఆమె భుజం మీదుగా చూశాడు. తెర మీద 'ఆఫ్' అని ఉంది.

అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మెల్లగా పెంచుతున్న సార్," అంది వర్ష ఫోన్‌లోకి. కరెంటు కొద్ది కొద్దిగా ఎక్కుతోంది. మొదట ఏమీ జరగలేదు. తర్వాత కుడి పిడికిలి బొటనవేలు సడలింది. ఆ వెనకే మిగతా వేళ్లు. దవడ కిందికి దిగింది. ఇంకాసేపటికి గొంతు కదిలింది, ఉమ్మి మింగాడు. గంగమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"జ్వరం ఇప్పుడే దిగదు," అన్నాడు డ్యూటీ డాక్టర్. "గోలీలు గొట్టంతో ఇస్తాం. కానీ ఇక మనిషి మనకు దక్కుతాడు."

వరండాలోకి వచ్చాక ధనలక్ష్మి ఉన్నదంతా నాగేందర్‌కు చెప్పింది. అతను గోడకు ఆనుకుని విన్నాడు.

"కేక ముందు ఇనవడ్డదని భూమన్న నాకూ చెప్పిండు," అన్నాడు చివరికి. "నేను పట్టించుకోలే. డాక్టరమ్మ మీదనే పడ్డ."

"కోపం మంచిదే. మనిషిని తప్పుగ పట్టినవు."

"అయినా అక్కా, ముసలామె ఏడ్చినంత మాత్రాన నేను నమ్మ. ఆపినమాట నిజం. అబద్ధం చెప్పిన మాట నిజం. నెట్టిందా, ఆయన జారిండా అన్నది ఆయన నోటితోటే ఇనాలె."

ధనలక్ష్మి కాదనలేదు. తను అతని జాగాలో ఉన్నా అదే చేసేది.

దీపాలు పెట్టే వేళకు కాశయ్య కళ్లు తెరిచాడు. నర్సు నీళ్లలో తడిపిన దూదితో పెదవులు తుడిచింది. నాగేందర్ మంచం దగ్గరికి వెళ్లకముందే గంగమణి అడ్డం వచ్చింది.

"నేనే ఆపిన సారూ. ఆయనను అడుగకు. నా పేరు రాసుకో."

"నువ్వు పక్కకు జరుగు అవ్వా." నాగేందర్ వంగాడు. "కాశయ్యా, నేను పోలీసును. గట్టు మీద నిన్నెవరన్న నెట్టిండ్రా? మీ ఇంటామె నెట్టిందా?"

కాశయ్య అతన్ని కాసేపు చూశాడు. మాట కూడదీసుకోవడానికి ఇంకాసేపు పట్టింది.

"నెట్టుడా? పడ్తుంటే గుంజింది. నా బరువు ఆమెతోటి ఆగుతదా?"

నాగేందర్ తల ఊపి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "కాలు ఆడక పడ్డడు. జరిగింది జరిగినట్టే రాస్త," అన్నాడు ధనలక్ష్మితో. వర్ష వైపు తిరిగి, "నువ్వు పోవచ్చు డాక్టరమ్మా. పొద్దటి సంది... తప్పయింది," అన్నాడు.

వర్ష కదల్లేదు. కాశయ్య ఆమెనే చూస్తున్నాడు.

"బిడ్డా, చెప్పినవా ఈమెకు?"

"లేదు బాపూ. మీరు చెప్పొద్దన్నరు. ఎవరికీ చెప్పలే."

"గిప్పుడు చెప్పు."

వర్ష గంగమణి వైపు తిరిగింది. "పోయిన వారం నిన్ను బయట కూసోమన్నం కదా అవ్వా. అప్పుడు ఆయన నన్నొకటి అడిగిండు. నన్ను జెర తగ్గించు బిడ్డా అన్నడు. చెయ్యి వణికితే వణుకనియ్యి, నేను నవ్వినప్పుడల్ల మా ఇంటామె భయపడుతుంది అన్నడు. ఈ సోమవారం పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకపోదామనుకున్నం. నీకు తెలిస్తే ఆయన కోసం వద్దంటవని, పని అయ్యేదాక చెప్పొద్దన్నడు."

గంగమణి మంచం పట్టీ పట్టుకుని మెల్లగా కింద కూర్చుండిపోయింది. ముఖం ఆయన ముఖానికి ఎదురుగా వచ్చింది.

"నాతోటి చెప్తే ఏమయితుండె?" ఆమె గొంతులో ఏడుపు, కోపం రెండూ ఉన్నాయి. "ఒక్క మాట. ఒక్క మాట చెప్పలేకపోయినవా నువ్వు?"

కాశయ్య ఆమె వైపు చెయ్యి జరపబోయాడు. అది సగం దాకానే వచ్చింది. మిగతా సగం ఆమె వచ్చి అందుకుంది.

"చెప్పొద్దనే ఉంటి. గట్టు మీద నీ మొఖం సూసినంక మనసాగలే," అన్నాడు. "చెప్దామని నోరు తెరిచిన మణీ. గంతలనే నువ్వు ఒత్తినవు."